92వ నిమిషం, దానికి ముందు ఆట



మొన్న ఆదివారం, 2025 ఏప్రిల్ 6న, గోవాలోని ఫటోర్డా మైదానంలో బెంగళూరు ఎఫ్‌సీ 2-1తో ఓడిపోయింది. ఓడిపోయి ఫైనల్‌కు వెళ్లింది. ఫుట్‌బాల్ అంతగా చూడనివాళ్లకు ఈ మాట వింతగా ఉంటుంది కనుక ముందు ఆ లెక్క చెప్పేస్తాను. ఈ సీజన్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో సెమీఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు. ఒకటి మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. రెండింట్లో కొట్టిన గోల్స్ కలిపితే ఎవరివి ఎక్కువైతే వాళ్లు ఫైనల్‌కు. ఏప్రిల్ 2న ఇక్కడ కంఠీరవ స్టేడియంలో మనవాళ్లు ఎఫ్‌సీ గోవా మీద 2-0తో గెలిచారు. ఆ రెండు గోల్స్ మూటగట్టుకుని గోవా వెళ్లారు. అక్కడ సెకండాఫ్ మొదలైన కాసేపటికే బోర్హా హెరెరా ఒక గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో అర్మాండో సాదికు ఇంకొకటి కొట్టాడు. చేతిలో ఉన్నదంతా అయిపోయింది. మొత్తం మీద 2-2. ఇక అదనపు సమయం తప్పదనుకున్నాం. ఇంజురీ టైమ్‌లో, 92వ నిమిషంలో, నామ్‌గ్యాల్ భూటియా క్రాస్ వేశాడు. సునీల్ ఛెత్రీ తల పెట్టాడు. 3-2.

ఇంకో రెండు రోజుల్లో, శనివారం నాడు, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో మోహన్ బగాన్‌తో ఫైనల్. ఈలోపు ఆ గోల్ గురించి మాట్లాడుకోవాలి. ఆ గోల్ అవసరం మనకెందుకు పడిందో కూడా మాట్లాడుకోవాలి. ఈ రెండో సంగతే నన్ను నాలుగు రోజులుగా పట్టి పీడిస్తోంది.

ముందు సంతోషం. ఆదివారం శ్రీరామనవమి. బెంగళూరులో శ్రీరామనవమి అంటే వీధి మొగలో పందిరి, పానకం, మజ్జిగ, మనం వడపప్పు అంటే ఇక్కడివాళ్లు కోసంబరి అనే పెసరపప్పు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో సంగీతోత్సవం. మా అపార్ట్‌మెంట్‌లో పూజ అయ్యాక మిగిలిన పానకం గ్లాసులతోనే జనం టీవీ ముందు చేరారు. మాలో అనంతపురం వాళ్లున్నారు, కర్నూలు వాళ్లున్నారు, హుబ్బళ్లి ఆయన ఒకరున్నారు, మలయాళీ కుటుంబం ఒకటుంది. సాదికు గోల్ కొట్టినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, చూడలేనంది. నాలుగు నిమిషాల తర్వాత వచ్చిన కేక ఏ భాషదో నేను చెప్పలేను. హుబ్బళ్లి ఆయన నన్ను గట్టిగా కౌగిలించుకుని కన్నడంలో ఏదో అన్నాడు, నేను తెలుగులో ఏదో అన్నాను. ఇద్దరికీ అర్థమైంది.

ఆ గోల్ కొట్టిన మనిషి గురించి నాలుగు మాటలు. సునీల్ ఛెత్రీ పుట్టింది మన సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. ఆ గోల్ కొట్టేనాటికి అతనికి 40 ఏళ్లు. బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టింది. ఆ మొదటి సీజన్‌లోనే అతను ఇక్కడికి వచ్చాడు. నిరుడు జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి భారత జట్టుకు వీడ్కోలు చెప్పాడు. 94 గోల్స్ కొట్టాడు, చాలు, విశ్రాంతి తీసుకుంటాడనుకున్నాం. ఈ సీజన్‌లో 14 గోల్స్ కొట్టాడు. లీగ్‌లో భారతీయ ఆటగాళ్లెవరూ ఇన్ని కొట్టలేదు. డిసెంబర్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద హ్యాట్రిక్ కూడా చేశాడు. అది చూసి అప్పటి జాతీయ జట్టు కోచ్ మనోలో మార్కెజ్ అతన్ని మళ్లీ పిలిచాడు. కిందటి నెల షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వ గోల్ పడింది.

అప్పుడు ఎఫ్‌సీ గోవాకు కూడా ఆ మనోలో మార్కెజే కోచ్. తాను రిటైర్మెంట్ మాన్పించి పిలిపించుకున్న ఆటగాడే తన జట్టును ఇంటికి పంపించాడు. మన శ్రోతలకు మార్కెజ్ కొత్తవాడేమీ కాదు. 2022 మార్చి 20న, ఇదే ఫటోర్డాలో, హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు అందించిన కోచ్ ఆయనే. ఆ రోజు కూడా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాకే హైదరాబాద్ పెనాల్టీల దాకా వెళ్లగలిగింది. ఆయన మంచి కోచ్. ఆదివారం రాత్రి ఆయనను చూస్తే నాకు బాధేసింది.

ఛెత్రీ పొడగరి కాదు. సుమారు 5 అడుగుల 7 అంగుళాలు. అతన్ని కాచుకునే డిఫెండర్లలో చాలామంది ఆరడుగులవాళ్లు. అయినా ఇన్నేళ్లుగా తలతో ఇన్ని గోల్స్ ఎలా కొడుతున్నాడో చూడాలంటే బంతిని వదిలేసి అతన్నే చూడాలి. టీవీలో అది కుదరదు, స్టేడియంలోనే కుదురుతుంది. క్రాస్ వేసేవాడు ఇంకా బంతి సర్దుకుంటుండగానే ఇతను రెండడుగులు వెనక్కి వేస్తాడు. డిఫెండర్ కన్ను బంతి మీదకు వెళ్లగానే అతని వెనకనుంచి ముందుకు దూరతాడు. గాల్లోకి లేవడం అందరికంటే ఎత్తుగా ఉండదు, అందరికంటే ముందుగా ఉంటుంది. అంతే తేడా. 40 ఏళ్లకు కాళ్లలో వేగం తగ్గుతుంది, ఈ ముందుచూపు తగ్గదు. అందుకే అతన్ని ఆట చివర్లో దింపడం వయసైపోయినవాడికి చేసే మర్యాదగా నేను చూడను. ఎదుటి డిఫెండర్లు అలసిపోయి, బంతి మీదే తప్ప మనిషి మీద చూపు నిలపలేని వేళ అది. అలాంటి మనిషి పనికొచ్చేది అప్పుడే.

చివరి నిమిషాల్లో గోల్స్ పడటం అదృష్టం అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. గంటన్నర పరిగెత్తిన కాళ్లు బరువెక్కుతాయి. గోవాలో ఏప్రిల్ ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే. ఇప్పుడు ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను దింపొచ్చు. కోవిడ్ రోజుల్లో తాత్కాలికంగా వచ్చిన ఈ ఏర్పాటు తర్వాత స్థిరపడిపోయింది. అంటే మైదానంలో సగం జట్టు తాజా కాళ్లతో పరిగెడుతుంటుంది. దీనికి తోడు 2022 ఖతర్ ప్రపంచకప్ దగ్గర్నుంచి ఇంజురీ టైమ్‌ను కాస్త గట్టిగా లెక్కపెడుతున్నారు. 90 నిమిషాలు అయిపోయాయంటే ఆట అయిపోయినట్టు కాదిప్పుడు. చివరి పది పదిహేను నిమిషాలకు వేరే జట్టు, వేరే పథకం ఉండాలి. ఉన్న జట్టుకే ఆ గోల్స్ పడతాయి.

మన క్లబ్‌కు ఆ సంగతి ఒకప్పుడు బాగా తెలుసు. 2019 మార్చి 17, ముంబయి. ఐఎస్ఎల్ ఫైనల్, ఎదురుగా ఇదే గోవా. 90 నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయంలో గోవా ఆటగాడొకడు రెడ్ కార్డుతో బయటికెళ్లాడు. 117వ నిమిషంలో డిమాస్ డెల్గాడో కార్నర్ కొట్టాడు, రాహుల్ భేకే తలతో నెట్లోకి పంపాడు. బెంగళూరుకు తొలి ఐఎస్ఎల్ కప్పు. సరిగ్గా ఏడాది ముందు, 2018లో అదే మార్చి 17న, కంఠీరవలో మనవాళ్లమధ్యే చెన్నయిన్ చేతిలో 3-2తో ఫైనల్ ఓడిన జట్టు అది. ఆ గాయానికి మందు పడటానికి ఏడాది, ఇంకో 117 నిమిషాలు పట్టింది. భేకే మధ్యలో వేరే క్లబ్‌కు వెళ్లి ఈ సీజన్‌లో తిరిగొచ్చాడు. గుర్‌ప్రీత్ సింగ్ సంధు అప్పుడూ గోల్‌కీపరే, ఇప్పుడూ గోల్‌కీపరే. ఛెత్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. చివరిదాకా ఎలా నిలబడాలో తెలిసినవాళ్లు ముగ్గురున్నారు జట్టులో.

ఎదుటివాళ్లకు కూడా ఆ విద్య తెలుసు మరి. ముఖ్యంగా మోహన్ బగాన్‌కు. 2015 మే 31న కంఠీరవలో ఉన్నవాళ్లెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, వాళ్లకు నేను గుర్తు చేయాల్సిన పని లేదు. అప్పట్లో మన క్లబ్ ఆడిన ఐ-లీగ్‌లో చివరి మ్యాచ్. గెలిస్తే కప్పు మనది, డ్రా అయితే బగాన్‌ది. ఫస్టాఫ్‌లోనే జాన్ జాన్సన్ గోల్ కొట్టాడు. 87వ నిమిషం దాకా మనమే ఛాంపియన్లం. అప్పుడు బగాన్‌కు కార్నర్, బెల్లో రజాక్ హెడర్, 1-1. ఆ మూడు నిమిషాలు ఆగి ఉంటే చాలు. మళ్లీ 2023 మార్చి 18న ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్. రాయ్ కృష్ణ హెడర్‌తో మనం 2-1 ఆధిక్యంలోకి వెళ్లాం. ఏడు నిమిషాలు గడిచాయో లేదో బగాన్‌కు పెనాల్టీ ఇచ్చాం. 2-2. చివరికి షూటౌట్‌లో ఓడాం.

ఈ ఊరికి చివరి నిమిషం బాధ ఇప్పటిది కూడా కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతోనే దిగారు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. అయినా మన తరఫున గోల్ పడింది. కొట్టినవాడు బెంగళూరు ఆటగాడు సారంగపాణి రామన్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారతదేశానికి అదే తొలి గోల్. స్కోరు 1-1 ఉండగా, ఆట ముగియడానికి ఒక నిమిషం ముందు ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టింది. అంతకు 11 ఏళ్ల ముందు, 1937లో, రోవర్స్ కప్ గెలిచిన మొదటి భారతీయ జట్టు బెంగళూరు ముస్లిమ్స్. హలసూరు దగ్గరి గౌతంపురలో ఇప్పటికీ వీధి మధ్యలో పీలే విగ్రహం ఉంది. క్రికెట్ ఊరని పేరు పడ్డ బెంగళూరు కడుపులో ఇంత ఫుట్‌బాల్ ఉంది. చిన్నస్వామి స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉంటే కబ్బన్ పార్క్ చుట్టూ ఎర్ర జెర్సీలు కనిపిస్తాయి. ఉండనివ్వండి. అక్కడికి కొద్ది దూరంలోనే కంఠీరవ ఉంది. సెమీఫైనల్ తొలి మ్యాచ్ జరిగిన బుధవారం ఆ రోడ్డంతా నీలమే. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చిన పర్పుల్ లైన్ రైలు నిండా నీలం జెర్సీలు, వాటి మధ్య మన భాష ఎంత వినిపించిందో.

ఇప్పుడు జట్టు ఫామ్ సంగతి. నిరుటి సీజన్‌లో మనం 12 జట్లలో పదో స్థానంలో ఉన్నాం. కోచ్‌గా సైమన్ గ్రేసన్ వెళ్లిపోయి, 2023 డిసెంబర్‌లో జెరార్డ్ జారగోజా వచ్చాడు. ఈసారి ఆరంభం అదిరింది. మొదటి ఐదు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. సెప్టెంబర్ 28న కంఠీరవలో మోహన్ బగాన్‌నే 3-0తో కొట్టాం. లీగ్ దశ ముగిసేసరికి 24 మ్యాచ్‌ల్లో 38 పాయింట్లు, మూడో స్థానం. పదో స్థానం నుంచి మూడుకు రావడం చిన్న పని కాదు. ఆ గౌరవం కోచ్‌కు ఇవ్వాల్సిందే.

మధ్యలో జనవరి ఒకటి వచ్చింది. ఆ నెల గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నేను మాట్లాడతాను. జనవరి 4న జంషెడ్‌పూర్‌లో మనం 1-0 ముందున్నాం. చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చి ఓడాం. వారం తిరిగేసరికి కంఠీరవలో మొహమ్మడన్ చేతిలో, 88వ నిమిషంలో పడిన ఫ్రీకిక్ గోల్‌తో ఓడాం. అప్పటికి పట్టికలో అడుగున ఉన్న జట్టు అది. జనవరి 22న ఒడిశా మీద, మళ్లీ కంఠీరవలోనే, 2-0 ఆధిక్యంలో ఉండి 3-2తో ఓడాం. ఆ తర్వాత కోల్‌కతాలో బగాన్ చేతిలో 1-0. ఇవన్నీ విడివిడిగా చూస్తే దురదృష్టంలా కనిపిస్తాయి. వరుసలో పెట్టి చూస్తే అలవాటు కనిపిస్తుంది.

ఆ అలవాటేమిటో స్టేడియంలో కూర్చుంటే స్పష్టంగా తెలుస్తుంది. ఆధిక్యం వచ్చిందంటే మన ఫుల్‌బ్యాక్‌లు, అంటే కుడి ఎడమ అంచుల్లో ఆడే డిఫెండర్లు, సగం గీత దాటడం మానేస్తారు. మిడ్‌ఫీల్డ్ నలుగురూ మన పెనాల్టీ బాక్సు అంచుకు వచ్చేస్తారు. ముందు ఒక్కడు మిగులుతాడు. బంతి దొరికితే దూరంగా కొట్టేస్తారు. అక్కడ దాన్ని ఆపి నిలబెట్టేవాడు లేడు కనుక పది సెకన్లలో అది తిరిగొస్తుంది. మళ్లీ కొట్టేస్తారు, మళ్లీ వస్తుంది. ఇలా ఇరవై సార్లు జరిగితే ఒకసారి కాలు జారుతుంది, ఒకసారి చేతికి తగులుతుంది, ఒకసారి కార్నర్ మీద మనిషిని వదిలేస్తారు. అది ప్రారబ్ధం కాదు, లెక్క. ఆదివారం ఫటోర్డాలో నేను చూసింది అదే. 2-0 ఆధిక్యాన్ని కాపలా కాయడానికే వెళ్లినట్టు ఆడారు. గోవా మొదటి గోల్ కొట్టాక కూడా అరగంటకు పైగా అదే ఆట. 88వ నిమిషంలో ఇక కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, మనిషి వెనక మనిషి ముందుకు కదిలారు. క్రాస్ వేసిన భూటియా ఆ నిమిషంలో ఎక్కడున్నాడో చూడండి. అంతకుముందు అరగంట అతన్ని అక్కడ నేను చూడలేదు. ముందుకెళ్లిన నాలుగో నిమిషానికి గోల్ పడింది.

ఈ జట్టుకు ముందుకు ఆడటం రాదా అంటే, ఎందుకు రాదు? మార్చి 11న ముంబయి సిటీ మన ఊరికొచ్చి 2-0తో గెలిచి వెళ్లింది. అదే ముంబయి అదే కంఠీరవకు మార్చి 29న, సెమీఫైనల్‌కు ముందరి ప్లేఆఫ్ ఆడటానికి వచ్చింది. ఆ రోజు సురేష్ సింగ్ వాంగ్జమ్ తొమ్మిదో నిమిషంలోనే మొదలుపెట్టాడు. హాఫ్‌టైమ్‌కు 2-0. సెకండాఫ్‌లో ఆగారా? ఆగలేదు. రయాన్ విలియమ్స్ ఒకటి, ఛెత్రీ ఒకటి, పెరేరా డియాజ్ ఒకటి. 5-0. 83వ నిమిషంలో, నాలుగు గోల్స్ ముందుండి కూడా, ఐదో దాని కోసం ఐదారుగురు ఎదుటి బాక్సు దగ్గరున్నారు. మన అభిమానులు గుంపుగా ఉండే వెస్ట్ బ్లాక్‌లో డప్పుల మోత ఆగలేదు. ఆ రాత్రి మన గోల్ దగ్గర గుర్‌ప్రీత్‌కు పెద్ద పనే పడలేదు, ఎందుకంటే బంతి అటే ఉంది. నాకు తెలిసిన మంచి డిఫెన్స్ అది.

అందుకే ఫామ్ బాగుందా అని ఎవరైనా అడిగితే నేను సూటిగా ఒక మాట చెప్పలేకపోతున్నాను. ముంబయి మీద ఆడిన జట్టు ఫామ్ అద్భుతం. ఫటోర్డాలో 88 నిమిషాలు ఆడిన జట్టు ఫామ్ చూస్తే భయం. రెండూ ఒకే పదిహేను మంది, ఎనిమిది రోజుల తేడాలో. కాళ్లలో బలం తగ్గలేదు, ఆటలో నేర్పు తగ్గలేదు. ఆధిక్యం చేతికొచ్చాక ఏం చేయాలన్న దగ్గర ధైర్యం తగ్గుతోంది. ఛెత్రీ గోల్ ఈ సంగతిని కప్పేసింది. ఆ గోల్‌ను నేను జీవితాంతం తలుచుకుంటాను, కానీ దాని వెనక ఉన్నదాన్ని చూడకుండా ఉండలేను.

శనివారం ఎదురయ్యేది మోహన్ బగాన్. లీగ్ దశలో 56 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచి షీల్డ్ గెలిచిన జట్టు. ఈ సీజన్ లీగ్‌లో సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ ఓడలేదు. సోమవారం వాళ్లు జంషెడ్‌పూర్‌ను దాటిన తీరు చూశారా? రెండు మ్యాచ్‌లూ కలిపి 2-2 ఉండగా ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో అపుయా దూరం నుంచి కొట్టాడు. మన గోల్ 92లో, వాళ్లది 94లో. చివరిదాకా విడిచిపెట్టని జట్టు మనమొక్కటే కాదన్నమాట. జేమీ మెక్‌లారెన్, జేసన్ కమ్మింగ్స్, దిమిత్రి పెట్రాటోస్ లాంటివాళ్లలో ఎవరో ఒకరు బెంచ్ మీదుంటారు. అంత లోతున్న జట్టుకు చివరి అరగంట మన బాక్సు దగ్గర అప్పగించడమంటే, 2015, 2023 మళ్లీ చూడటానికి సిద్ధపడటమే.

కోచ్‌కు నా మాట చేరుతుందని కాదు, అభిమానిగా నా మనసులో ఉన్నది చెబుతున్నాను. శనివారం మనకు ముందు గోల్ పడిందనుకోండి. పడుతుంది, సెప్టెంబర్‌లో ఇదే జట్టు మీద మూడు కొట్టాం. పడ్డాక రోషన్ సింగ్ ఎడమవైపు నుంచి పరుగు ఆపకూడదు. సురేష్ వెనక్కి రాకూడదు. ముందువరుసలో ఆడే విలియమ్స్‌కు, మెండెజ్‌కు బంతి కాళ్ల దగ్గరికి అందాలి, గాల్లోకి కాదు. ఛెత్రీని గోల్ కోసం ప్రాధేయపడాల్సిన వేళ కాకుండా, ఇంకా అరగంట ఉండగానే దింపాలి. అతను ముందు నిలబడితే బంతి కూడా అక్కడ నిలబడుతుంది. భేకే మిగతా డిఫెండర్లను రెండు గజాలు ముందుకు తోస్తూ ఉండాలి. ఈ జట్టులో దాన్ని అరిచి చెప్పగలిగినవాడు అతనే.

శనివారం రాత్రి ఏడున్నరకు ఆట. వెస్ట్ బ్లాక్ వాళ్లు కొందరు అప్పుడే కోల్‌కతా రైలెక్కారు. వెళ్లలేని మనం ఇక్కడే చూస్తాం. అపార్ట్‌మెంట్‌లో మా గుంపు ఈసారి ఇంకా పెద్దదవుతుంది, హుబ్బళ్లి ఆయన తన అన్నదమ్ములను కూడా పిలిచాడు. మీలో ఇప్పటిదాకా ఈ ఆట చూడనివారుంటే ఈ ఒక్క మ్యాచ్ చూడండి. బంతి ఎక్కడుందో చూడటంతో ఆగకండి. మన ఆధిక్యం వచ్చాక మన కుడి ఫుల్‌బ్యాక్ ఎక్కడ నిలబడ్డాడో చూడండి. సగం గీతకు అవతల ఉంటే నిశ్చింతగా కూర్చోండి. ఇవతల ఉంటే, నాతోపాటు మీరూ అరవండి.